తొలిదెబ్బయా, తుదిగెలుపా?

ఆలస్యమైనచో అమృతమును విషమగునని పెద్దలు చెప్పుదురు. నిదానమే ప్రధానమనియు ఆ పెద్దలే చెప్పుదురు. ఈ రెండు మాటలును ఒక్క యింటిలోనే, ఒక్క నోటనే వినబడుచుండును. వరిచేను కోతకు వచ్చి మబ్బు పట్టినప్పుడు అత్తగారు మొదటి మాట చెప్పును. మనుమరాలికి సంబంధము చూచునప్పుడు రెండవ మాట చెప్పును. ఏ మాట యెప్పుడు చెల్లునో తెలిసికొనుటయే వివేకము. ఆ వివేకమునే పందెముగా నొడ్డి ఆడెడి ఆటలు కొన్ని మన కాలమున పుట్టినవి. వానిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవించుట ఈ వ్యాసోద్దేశము.

మన పిల్లలు కంప్యూటరు ముందరనో, చేతి ఫోను ముందరనో కూర్చుండి కోటలు కట్టుచు, సేనలు నడుపుచు నుండుట చూచి విసుగుకొనని తల్లి యుండదు. ఆ విసుగు అకారణమును గాదు. అన్నము చల్లారిపోవును; పాఠము మూలబడును; నిద్ర చెడును. అయినను లోపల జరుగుచున్నదేమో తెలియక విసుగుకొనుట వేఱు, తెలిసి మందలించుట వేఱు. తెలిసి మందలించిన తల్లి మాటకు పిల్లలు ఎక్కువ విలువ నిత్తురు.

ఈ యాటల మూలసూత్రము మనకు బొత్తిగా క్రొత్తది కాదు. గుడి మండపములోని బండమీదనో, ఇంటి అరుగుమీదనో గీతలు గీచి పులి–మేక యాడుట మన పల్లెలలో తరతరములుగా నున్నదే. సాధారణముగా 3 పులులు, 15 మేకలు. పులి మేకమీదుగా దూకి దానిని చంపగలదు. మేకకు చంపు బలము లేదు గాని సంఖ్యాబలము కలదు. మేకల నాడువారు ఒక్కొక్క మేకను గీతలు కలియుచోట దింపుచుండగా పులులు ఊరకుండవు. మంద కుదురుకొనకముందే దొరకినదానిని మ్రింగవలెనని చూచును. మేకలన్నియు దిగి ఒకదాని వెనుక నొకటి ఆనుకొని నిలిచినచో పులికి దూకుటకు చోటుండదు, కదలలేక కట్టుబడిపోవును. కావున తొలి గడియలు పులివి, తుది గడియలు మేకవి. మధ్య గడియలలో ఎవరు పొరపడుదురో వారే ఓడుదురు.

క్రొత్త ఆటలకును దీనికిని ఒక భేదము కలదు. పులి–మేకలో వంతు కలదు. నే నొక కాయ కదపినపిమ్మట నీ వొకటి కదపవలెను. క్రొత్త ఆటలలో వంతు లేదు. ఇరువురును ఏకకాలముననే ఇల్లు నడుపుకొనుచు, ఏకకాలముననే పోరుచుందురు. నీవు ఆలోచించుచున్నంతసేపును ఎదుటివాని చేతులు పనిచేయుచునే యుండును. ఈ తెగ ఆటలకు రూపమేర్పరచినది 1992లో అమెరికాలో వెలువడిన డ్యూన్ 2 అను ఆట. తరువాత 1998లో స్టార్‌క్రాఫ్ట్, 1999లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 వచ్చి లోకమంతట వ్యాపించినవి. ఈ రెండవ ఆటలో 2022వ సంవత్సరమున ద్రావిడులను పేర దక్షిణదేశపు సేనలును చేర్చబడినవి.

ఆటలోని సంసారము

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆట మొదలగునప్పుడు ఆడువారికి సాధారణముగా ఊరి నడుమ నొక పెద్ద యిల్లు, ముగ్గురు పనివారు, గుఱ్ఱముమీద నొక వేగువాడు, కొంచెము తిండి, కట్టె, బంగారము, రాయి యుండును. ఆ పెద్దయింటనుండి మరియొక పనివానిని పుట్టించుటకు 50 పాళ్ళ తిండియు, 25 సెకనుల కాలమును పట్టును. అతడు గొఱ్ఱెలను కోసియో, పండ్లు కోసియో తిండి తెచ్చుచు రెండుమూడు నిమిషములలో తనకైన ఖర్చు తాను తీర్చివేయును. అటుపిమ్మట అతడు తెచ్చినదెల్ల ఇంటికి లాభమే. ఆ లాభముతో మరియొక పనివాడు, అతని సంపాదనతో ఇంకొకడు. ఇట్లు వడ్డీకి వడ్డీ పెరిగినట్లు ఇల్లు పెరుగును.

కాని అదే తిండితో కత్తివాని నొకనిని పుట్టింపవచ్చును. వానికి తిండియే గాక కొంత బంగారమును వలయును. కత్తివాడు చంపుటయే గాని సంపాదించుట యెఱుగడు. అతడు ఎదుటివాని పనివారిని చంపినచో లాభము. చంపలేకపోయినచో ఆ ఖర్చు మరల రాదు. ఇక రెండవ యుగమునకు పోవలెనన్న 500 పాళ్ళ తిండి కావలెను; మూడవ యుగమునకు 800 పాళ్ళ తిండియు, 200 పాళ్ళ బంగారమును కావలెను. అంత సొమ్ము కూడబెట్టుచుండగా వాకిట కాపు లేకపోవును. ఉన్న నాలుగు రూకలను దేనికి వెచ్చించవలెనను గృహిణి చింతయే ఈ యాటకు ప్రాణము.

ఈ చింత మహదేవపూరు ప్రాంతపు వారికి ఎవరును నేర్పనక్కరలేదు. అచ్చటి దసలిపట్టు పేరొందినది. అడవిలో మద్దిచెట్లమీద పురుగులను పెంచి, కాకులు, చీమలు తినిపోకుండ కాపలా కాచి, పట్టుకాయలు దించుదురు. కాయను ఉడికించి దారము తీసినచో చేతికి సొమ్ము వచ్చును; కాని లోపలి జీవి చచ్చును. కొన్ని కాయలను ఉడికింపక విత్తనమునకై నిలిపినచో వానినుండి పట్టుచిలుకలు వెలువడి, ఒక్కొక్క ఆడుచిలుక నూరింటికి పైగా గ్రుడ్లు పెట్టును. మరుపంట దానివలన వచ్చును. అన్ని కాయలును ఉడికించిన యింటికి ఈ నెల గడచును గాని వచ్చు పంట లేదు. అన్నియు విత్తనమునకే నిలిపిన యింట ఈ దినము పొయ్యి వెలుగదు. ఎన్ని ఉడికింపవలెను, ఎన్ని నిలుపవలెను అను లెక్కయే ఆటలోనిది కూడ.

తొలిదాడి

సొమ్మంతయు తొలిగడియలలోనే సేనకు వెచ్చించి ఎదుటివాడు కుదురుకొనకముందే మీదబడుటను ఆటగాండ్రు రష్ అందురు. మనము తొలిదాడి యనవచ్చును. దీని లెక్క ఎంత కఠినమో స్టార్‌క్రాఫ్ట్‌లోని జెర్గ్ అను పురుగుజాతిని చూచినచో తెలియును. ఆట మొదట ఆ జాతికి 4 పనిపురుగులు, 50 పాళ్ళ ఖనిజము నుండును. సైనికపురుగులను పుట్టించుటకు ముందుగా నొక మడుగు కట్టవలెను. దానికి 200 పాళ్ళు కావలెను. దానిని కట్టబోయిన పనిపురుగు తానే మడుగుగా మారిపోవును. ఇక సంపాదించునవి మూడు మాత్రమే. తెగించిన ఆటగాడు మరియొక పనిపురుగునైనను పుట్టింపక, ఉన్నదెల్ల కూడబెట్టి మడుగు కట్టి, జతకు 50 పాళ్ళ చొప్పున మూడు జతలు, అనగా ఆరు సైనికపురుగులను పుట్టించి పంపును. అవి చేరునప్పటికి ఎదుటివాని యింట ఒక్క సైనికుడును లేకపోయిన యెడల ఆట కొలది నిమిషములలో ముగియును.

ఒకవేళ ఎదుటివాడు ఆ ఆరింటిని ఎట్లో నిలువరించెనా, అప్పుడు వాని యింట ఎనమండుగురో, తొమ్మండుగురో పనివారుందురు. దాడి చేసినవానికి ముగ్గురే. ఆట ఇంకను నడచుచున్నట్లు కనబడినను ఫలము తేలిపోయినట్లే. తొలిదాడి యనగా రేపటి సంపాదనను ఈ దినమే తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు. గెలిచినచో అప్పు తీర్చవలసిన పని లేదు. ఓడినచో వడ్డీతో తీర్చవలెను.

ఈ తెగువకు పేరుపడిన యుదాహరణ మొకటి దక్షిణ కొరియాలో 2004వ సంవత్సరము నవంబరు 12వ తేదీన జరిగినది. అచ్చట స్టార్‌క్రాఫ్ట్ పోటీలను దూరదర్శనమున లక్షలమంది చూచుచుండిరి. ఒక గొప్ప పోటీ సెమీఫైనలున లిమ్ యో–హ్వాన్, హాంగ్ జిన్–హో అను ఇరువురు ప్రసిద్ధులు తలపడిరి. అయిదు ఆటలలో మూడు గెలిచినవానిది పైచేయి. జనులు దీర్ఘసంగ్రామమును చూడవలెనని కూర్చుండిరి. లిమ్ మొదటి ఆటలో తన పనివారిని వెంటబెట్టుకొని పోయి శత్రువు వాకిటనే కాపుగూడు కట్టి అందుండి తుపాకులు ప్రేల్పించి గెలిచెను. రెండవ ఆటలోను అదే పన్నుగడ. మూడవ ఆటలోను అదియే. మూడింట మూడును గెలిచి లేచిపోయెను. ఇట్టి గెలుపు గెలుపేనా యని కొందరు కోపించిరి. ఆ వివాదము నేటికిని సమసిపోలేదు. ఒకసారి చేసినవాడు మరల చేయడనియు, రెండుసార్లు చేసినవాడు మూడవసారి బొత్తిగా చేయడనియు అనుకొనుట మనుష్యస్వభావము. ఆ స్వభావముమీదనే లిమ్ దెబ్బ కొట్టెను.

వేగు లేని యిల్లు

అట్లయినచో తొలిదాడియే మేలా? కాదు. ఈ యాటలలో మూడు త్రోవలు కలవు. మొదటిది తొలిదాడి. రెండవది కాపుదల: గోడలు, బురుజులు కట్టుకొని కూర్చుండుట. మూడవది అభివృద్ధి: కాపును తగ్గించి పనివారిని, పొలములను పెంచుట, దీనిని వారు బూమ్ అందురు. తొలిదాడి అభివృద్ధిని కొట్టును, ఏలయన అచ్చట కాపు లేదు. కాపుదల తొలిదాడిని కొట్టును, ఏలయన గోడ దాటుటకు ఆరు పురుగులు చాలవు. అభివృద్ధి కాపుదలను కొట్టును, ఏలయన గోడలకు వెచ్చించినవాడు పేదయై గోడల వెనుకనే మిగిలిపోవును. ఇందేదియు సర్వోత్తమము గాదు. ఎదుటివాడేది పట్టినాడో తెలిసినవారికే తామేది పట్టవలెనో తెలియును.

అందుచేతనే ఆట మొదటనే వేగువాని నిత్తురు. మంచి ఆటగాడు తొలినిమిషములలో వానిని ఎదుటివాని ఊరిచుట్టు త్రిప్పును. అచ్చట పనివారెందరు? కట్టె ఎక్కువగా కొట్టుచున్నారా, బంగారము త్రవ్వుచున్నారా? సైనికశాల లేచుచున్నదా? లేవవలసిన వేళకు లేవని కట్టడమును ఒక వార్తయే. అది మరియొకచోట మాటున లేచుచుండవచ్చును. వేగువాడు చూచివచ్చిన మాటనుబట్టి తన ఖర్చును మార్చుకొనువాడు దీర్ఘాలోచనాపరుడు. చూడక తన పద్ధతిని తాను సాగించువాడు ఎంత ఓపికగలవాడైనను దీర్ఘాలోచనాపరుడు గాడు, అదృష్టమును నమ్ముకొన్నవాడు.

మరియొక సంగతి. చేయితిరిగినవారు దాడి చేయుచునే యింట పనివారిని పుట్టించుట మానరు. నలుగురు రౌతులను పంపి ఎదుటివానిని కలవరపెట్టుచు, అతడు పొలములు విడిచి పరుగిడుచుండగా తమ పొలములను పెంచుకొందురు. వారి దాడి చంపుటకంటె ఆలస్యము చేయుటకే యెక్కువగా నుద్దేశింపబడినది. 2019వ సంవత్సరమున డీప్‌మైండ్ అను సంస్థ తయారుచేసిన ఆల్ఫాస్టార్ అను కృత్రిమబుద్ధి యంత్రము స్టార్‌క్రాఫ్ట్ 2లో ఆరితేరిన మనుష్యులను ఓడించినప్పుడు చూచినవారందరు ఆశ్చర్యపడిన విషయమొకటి కలదు. చాలునని మనుష్యులనుకొన్న సంఖ్యకు మించి అది పనివారిని పుట్టించుచుండెను. దాడిలో కొందరు చచ్చినను దాని యింటిపని నిలువలేదు.

ఓరుగంటి పాఠము

ఆటలో ఓడినచో మరల మొదలుపెట్టవచ్చును. చరిత్రలో ఆ సౌకర్యము లేదు. మహదేవపూరునుండి భూపాలపల్లి, పరకాలల మీదుగా పోయినచో ఓరుగల్లు వచ్చును. తొలిదాడికిని దీర్ఘాలోచనకును జరిగిన నిజమైన పోరు ఆ కోటగోడలలో వ్రాయబడియున్నది.

కాకతీయులు దీర్ఘాలోచనకు పెట్టినది పేరు. గణపతిదేవ చక్రవర్తి 1199 మొదలు 1262 వరకు నేలెను. ఆ కాలమున రాజులును సామంతులును అడవులు కొట్టించి, చెరువులు కట్టించి, మెట్టను మాగాణిగా మార్చిరి. పాకాల, రామప్ప చెరువులు నేటికిని పంటలకు నీరిచ్చుచున్నవి. పనివారిని, పొలములను పెంచుటయన నిదియే. ఆయన కుమార్తె రుద్రమదేవి కోటను దిట్టపరచెను. లోపల 45 బురుజులతో సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసముగల రాతికోట, దానిచుట్టు అగడ్త, దాని కావల మట్టికోట. 1303 ప్రాంతమున ఢిల్లీనుండి వచ్చిన మొదటి సేన ఓడి వెనుదిరిగినది. 1310లో మలిక్ కాఫూరు ముట్టడించి మట్టికోటను పట్టుకొనగా ప్రతాపరుద్రుడు ధనమును, ఏనుగులను, గుఱ్ఱములను ఇచ్చి సంధి చేసికొనెను. రాతికోట నిలిచినది, రాజ్యమును నిలిచినది.

తరువాత 1321–22లో ఉలుఘ్ ఖాను వచ్చి నెలలతరబడి ముట్టడించెను. ఇతడే తరువాత ముహమ్మదు బిన్ తుగ్లకు పేర సుల్తానైనవాడు. ఢిల్లీలో సుల్తాను మరణించెనని వదంతి పుట్టి అతని సేన చెదరినది; అతడు దేవగిరికి తగ్గిపోయెను. ఓరుగంటివారు గెలిచితిమనుకొనిరి. ఉత్సవములు జరిగెననియు, కోటలోని ధాన్యపుకొట్లు ఖాళీయైనవనియు చరిత్రకారులు వ్రాసియున్నారు. ఉలుఘ్ ఖాను మాత్రము కొలది నెలలలోనే క్రొత్తసేనను గూర్చుకొని, త్రోవలో బీదరును, బోధనును పట్టుకొని 1323లో మరల వచ్చిపడెను. ఈసారి కొట్లలో ధాన్యము లేదు. కోట లొంగిపోయినది. ప్రతాపరుద్రుని ఢిల్లీకి కొనిపోవుచుండగా నర్మదాతీరమున మరణించెనని తరువాతి తామ్రశాసనము చెప్పుచున్నది.

ఇందు మన మొక చిక్కు విప్పుకొనవలెను. ఓరుగల్లు దీర్ఘాలోచన లేక పడిపోలేదు. నూరేండ్ల చెరువులు, రెండు వరుసల కోటగోడ అందుకు సాక్షులు. వెనుదిరిగిన శత్రువు ఇంటికి పోయినాడా, దేవగిరిలోనే కూర్చుండి సేనను కూడదీసికొనుచున్నాడా యని చూచి, అందుకు తగిన యేర్పాటు చేయుట లోపించినది. నూరేండ్ల సంపాదన నాలుగునెలల ఏమరుపాటుకు బలియైనది. గోడలోపలి జనులు, వారిలోని స్త్రీలు, బిడ్డలు దాని ఫలము ననుభవించిరి. ఉలుఘ్ ఖాను గెలుపును కేవలము తొందరవలన వచ్చినది కాదు. అతని మొదటి ముట్టడి విఫలమైనను అతని వెనుక దేవగిరి యుండెను, ఢిల్లీ యుండెను. ఓడినను ఇల్లు చెడనివాడు మరల రాగలడు.

ఈ మాటను తెలుగువారును ఋజువు చేసిరి. కోట పడినపిమ్మట ముసునూరి ప్రోలయ నాయకుడు బయలున నిలిచి పోరలేదు. గోదావరి యొడ్డున, అడవులు కొండలు కాపుగా నున్న రేకపల్లిలో తావు చేసికొనెను. కాళేశ్వరమున ప్రాణహితను కలుపుకొని మహదేవపూరు సీమను ఒరసి పారునదే ఆ గోదావరి. అచ్చటనుండి నాయకులను కూడగట్టి, అన్యాక్రాంతములైన అగ్రహారములను తిరిగి యిచ్చి, చెడిన దేశమును కుదుటబరచెను. అతని తరువాత కాపయ నాయకుడు 1336 ప్రాంతమున ఓరుగల్లును తిరిగి గైకొనెను. నడుమ గడచినది ఇంచుమించు పదమూడేండ్లు. ఆ పదమూడేండ్ల ఓపిక ఊరక కూర్చుండిన ఓపిక కాదు. అదను చూచుచు బలము కూర్చుకొన్న ఓపిక.

ఆడువారి చేతిలో ఈ యాట

యుద్ధక్రీడలు మగవారి సొత్తని యనుకొనువారు మనలో కలరు. దక్షిణ కొరియాలో సో జి–సూ అను యువతి స్టార్‌క్రాఫ్ట్‌ను వృత్తిగా చేపట్టి మగవారి నడుమ పోటీపడి పేరు గాంచినది. కెనడా దేశీయురాలగు సాషా హోస్టిన్ స్కార్లెట్ అను పేర ఆడుచు, 2018 ఫిబ్రవరిలో కొరియాలో ప్యాంగ్‌చాంగ్ పేర జరిగిన స్టార్‌క్రాఫ్ట్ 2 పోటీలో ప్రథమస్థానమును గెలిచినది. అంతటి గొప్ప పోటీని గెలిచిన స్త్రీలలో ఆమెయే మొదటిది. ఆమె ఆడినది జెర్గ్ జాతినే. ఆరు పురుగులతో తెగించుటకైనను, పొలములు పెంచి ఓపికతో గెలుచుటకైనను వీలైన జాతి యది. మన దేశమున ఈ యాట బాలికలకు అందకుండుటకు ప్రజ్ఞ లేకపోవుట కారణము గాదు. ఇంటిలోని కంప్యూటరు అన్నకు ముందు, చెల్లెలికి తరువాత. అన్న కూర్చున్నంతసేపు చెల్లెలికి వంటింట పని. ఆటలో వంతు లేదు గాని ఇంటిలో వంతు కలదు. ఆ వంతు న్యాయముగా నుండునట్లు చూచుట తల్లి చేతిలో నున్నది.

తల్లులకు ఒక సూచన చేసి విరమించెదను. పిల్లవాడు ఆడుచున్నప్పుడు ‘ఎంతసేపు’ అని యడుగుటతోబాటు ‘మొదట నెవరిని పంపితివి, ఏమి చూచి వచ్చినాడు, దానినిబట్టి నీవేమి మార్చుకొంటివి’ అనియు నడుగవలెను. బదులు చెప్పలేనివాడు వ్రేళ్ళు కదపుచున్నాడే గాని ఆడుటలేదు. వానిని లేపి అన్నమునకు పిలుచుట మేలు. బదులు చెప్పగలవాడు మాత్రము అన్నమునకు పిలిచినను ఈ యాట ముగియునంతవరకు ఆగుమనును. అప్పుడు గడియారము చూచి, ఇంక నెన్ని నిమిషములో అతని నోటనే చెప్పించి, ఆ మాట నిలుపుకొనునట్లు చేయుడు. ఇచ్చిన గడువును నిలుపుకొనుట నేర్చినవానికి ఏ యాటవలనను కీడు రాదు.